ఉపాధ్యాయ-శిక్షకులు: అమెరికా రాష్ట్ర రాజకీయములలో వారి ప్రవేశము

నిర్వచనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఉన్నత పాఠశాలలందు పగలు తరగతిలో పాఠము చెప్పుచు, బడి విడిచిన పిమ్మట ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు, కుస్తీ మొదలగు క్రీడలలో విద్యార్థులకు తర్ఫీదు నిచ్చు వానిని ‘కోచ్’ అని వ్యవహరింతురు. మన పాఠశాలలలోని డ్రిల్లు మాస్టారు వ్యాయామవిద్యకే నియుక్తుడు. అమెరికాలోని కోచ్ పెక్కుచోట్ల చరిత్రనో, భూగోళమునో, గణితమునో బోధించుటకై నియమింపబడిన ఉపాధ్యాయుడు. క్రీడాశిక్షణ ఆతనికి జీతముపై కొంత భత్యము తెచ్చు అదనపు బాధ్యత. ఇట్టివారు బడిని వీడి రాష్ట్ర శాసనసభకు గాని, గవర్నరు పదవికి గాని, తమ రాష్ట్రము తరఫున కాంగ్రెసుకు గాని పోటీ చేయుట ఆ దేశమున చిరపరిచితమైన విషయము. ఈ మార్గమున నడచినవారిలో ఇద్దరి చరిత్రలు విశేషముగా పరిశీలింపదగినవి: ఒకటి 2019లో మిన్నెసోటా గవర్నరైన టిమ్ వాల్జ్‌ది, రెండవది ఇల్లినాయి శాసనసభలో ఆరంభించి దేశ ప్రతినిధుల సభకు అధ్యక్షుడైన డెనిస్ హాస్టర్ట్‌ది.

రాష్ట్ర శాసనసభ, విద్యాధికారము

అమెరికా రాజ్యాంగమున విద్య ప్రస్తావనయే లేదు. కేంద్రమునకు ఒసగబడని అధికారములు రాష్ట్రములకును ప్రజలకును చెందునని చెప్పు పదవ సవరణ ననుసరించి విద్య రాష్ట్రముల పాలై, పాఠశాలల నిధుల పంపకము, ఉపాధ్యాయుల అర్హతలు, వారి పింఛనులు రాష్ట్ర రాజధానులలో నిర్ణయింపబడుచున్నవి. అందుచే తరగతిలో పిల్లల సంఖ్య పెరిగినను, జీతము గిడసబారినను, ఉపాధ్యాయుని ఫిర్యాదు వాషింగ్టనుకు గాక స్థానిక విద్యామండలికిని, దానిని దాటి రాష్ట్ర శాసనసభకును చేరును. ఉపాధ్యాయుడు రాష్ట్ర రాజకీయములలోనికి వచ్చుటకు ఇదియే మూలకారణము; క్రీడాకీర్తి దాని తరువాతి మాట.

ఏబది రాష్ట్రముల శాసనసభలలో కలిపి 7,380కి పైగా సభ్యులు కలరు. వీటిలో అనేకము పూర్తికాలపు సభలు కావు. న్యూ హాంప్‌షైర్ ప్రతినిధుల సభలో 400 మంది కూర్చుందురు. వారి వార్షిక వేతనము 100 డాలర్లు మాత్రమే. టెక్సాసు సభ రెండేండ్ల కొకసారి 140 దినములకు మించకుండ సమావేశమగును. సభ్యునికి ఏటికి లభించునది 7,200 డాలర్లు. నెబ్రాస్కాలో 1937 నుండి ఒకే సభ కలదు, అందు 49 మంది సభ్యులు, వేతనము 12,000 డాలర్లు (చూ. ఏకసభా శాసనవ్యవస్థ). ఇట్టి సభలలో సభ్యత్వము వృత్తిని వదలకుండ చేయదగిన ప్రజాసేవ యని పూర్వులు భావించిరి. కాని అధికభాగము సభలు జనవరిలో ఆరంభమై వసంతమువరకు సాగును. అది బడి జరుగు కాలమే. న్యాయవాది తన వ్యవహారములను వాయిదా వేసికొనగలడు, వ్యవసాయదారునకు చలికాలము విశ్రాంతి. ఉపాధ్యాయునకు మాత్రము సెలవు దొరకినగాని, పదవీవిరమణ జరిగినగాని సభలో కూర్చుండుట దుష్కరము. చెప్పుటకు చిన్నదే యైనను, ఎందరో సమర్థులను ఈ మార్గము నుండి మరలించిన అడ్డంకి ఇది.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దిలో బడి పంతులుగా కొంతకాలము గడిపి రాజకీయములలో ప్రవేశించిన వారు కొల్లలు. ఒహాయోలోని హైరమ్ గ్రామమున వెస్టర్న్ రిజర్వ్ ఎక్లెక్టిక్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతిగా నుండిన జేమ్స్ గార్ఫీల్డ్ 1859లో ఆ రాష్ట్ర సెనేటుకు ఎన్నికై, పిమ్మట దేశాధ్యక్షు డయ్యెను. అప్పటికి బడి క్రీడలు వ్యవస్థీకృతము కాలేదు గనుక ‘కోచ్’ అను పాత్రయు ఏర్పడలేదు.

ఇరువదవ శతాబ్దిలో శిక్షకు డనునది మైదానమునకే పరిమితమైన పాత్ర కాలేదు. లిండన్ జాన్సన్ 1928లో టెక్సాసులోని కొతుల్లాలో మెక్సికన్ కుటుంబముల పిల్లలు చదువు బడిలో పనిచేసి, 1930లో హ్యూస్టను నగరమందలి సామ్ హ్యూస్టన్ ఉన్నత పాఠశాలలో వక్తృత్వమును బోధించుచు వాదప్రతివాద జట్టుకు శిక్షకుడుగా నుండెను. అధ్యక్షుడైన తరువాత 1965 ఏప్రిల్ 11న ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టముపై తాను బాల్యమున చదివిన గ్రామపు బడి ముందర, తన తొలి ఉపాధ్యాయురాలి సమక్షమున సంతకము చేసెను. పేద పిల్లల బడులకు కేంద్రధనమును పెద్దయెత్తున తెచ్చిన ఆ చట్టమునకు వెనుక కొతుల్లా అనుభవము కలదని ఆయనయే పలుమారు చెప్పియుండెను.

ఉపాధ్యాయ సంఘములు రాజకీయశక్తిగా రూపొందుట మరియొక ఘట్టము. 1857లో స్థాపితమైన జాతీయ ఉపాధ్యాయ సంఘము నుండి పెరిగిన నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ 1976లో జిమ్మీ కార్టరును సమర్థించుటతో తొలిసారిగా అధ్యక్ష ఎన్నికలో పక్షము వహించెను. 2011లో విస్కాన్సిన్ రాష్ట్రము ప్రభుత్వోద్యోగుల సామూహిక బేరసారముల హక్కును చాలవరకు తొలగింపగా, ఆ చట్టమును తెచ్చిన గవర్నరు స్కాట్ వాకరును 2018లో ఓడించినవాడు ఒకప్పటి విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు టోనీ ఎవర్స్. అదే 2018లో పశ్చిమ వర్జీనియాలోని 55 కౌంటీలలోను ఉపాధ్యాయులు సమ్మె చేసి 5 శాతము జీతపు పెంపును సాధించిరి. ఓక్లహోమా, కెంటకీ, అరిజోనాలకు ఆ అలజడి పాకెను. కెంటకీలో ట్రావిస్ బ్రెండా యను గణితోపాధ్యాయుడు రిపబ్లికన్ ప్రైమరీలో (పక్షపు అభ్యర్థిని నిర్ణయించు ఎన్నికలో) రాష్ట్రసభ అధికారపక్ష నాయకుని 123 ఓట్ల ఆధిక్యముతో ఓడించెను. అటువంటి గెలుపునకు విస్తారమైన ధనము అక్కరలేదు. ఊరిలో ఆయన పాఠము విన్న కుటుంబము లున్న చాలును.

శుక్రవారపు మైదానము

ఉపాధ్యాయులందరిలో శిక్షకుడే యేల అధికముగా గుర్తింపబడు ననుటకు సమాధానము శుక్రవారము సాయంకాలమున దొరకును. ఉన్నత పాఠశాలల ఫుట్‌బాలు పోటీలు ఆగస్టు చివర మొదలై నవంబరు వరకు, సాధారణముగా శుక్రవారము రాత్రి దీపముల వెలుగున జరుగును. కొన్ని వేల జనాభా గల పట్టణములలో ఇదియే వారమున కొకసారి ఊరంతయు ఒకచోట చేరు సందర్భము: దుకాణదారుడు, వైద్యుడు, చర్చి పెద్ద, పిల్లలు లేని వృద్ధులు సైతము బల్లలపై కూర్చుందురు. గణితోపాధ్యాయుడు తరగతిలో ఎంత నేర్పు చూపినను దానిని చూచువారు పిల్లలే. శిక్షకుని పనితనమో, లోపమో, ఓటర్లందరి యెదుట వారము వారము బయటపడును. ఇంకొక యాదృచ్ఛికమును గమనింపదగును: నవంబరు మొదటి సోమవారమునకు మరునాడు జరుగు సార్వత్రిక ఎన్నికల ప్రచారకాలమును, ఫుట్‌బాలు ఋతువును దాదాపు ఒక్కటియే.

నియోజకవర్గముల పరిమాణము కూడ దీనికి తోడ్పడును. న్యూ హాంప్‌షైరులో ఒక ప్రతినిధి వంతునకు సుమారు 3,400 మంది, నెబ్రాస్కాలో 40,000 మంది జనులు వత్తురు. ఈ పరిమాణములలో ఇరువది యేండ్లు ఒకే బడిలో పనిచేసినవాని పేరు ఎరుగని యిల్లు అరుదు. పూర్వ విద్యార్థులు నడివయస్సునకు వచ్చియు ఆతనిని పేరు పెట్టి పిలువక ‘కోచ్’ అనియే సంబోధింతురు. ఆ పిలుపు ఎన్నికల కరపత్రములపైకిని ఎక్కును.

ప్రవేశమార్గములు

మొదటి మార్గము పాఠశాల నుండి నేరుగా రాష్ట్రసభకు పోవునది. హాస్టర్ట్, బ్రెండా దీనికి ఉదాహరణములు. రెండవది స్థానిక విద్యామండలి ద్వారా సాగునది. వాషింగ్టన్ రాష్ట్రమున పాటీ మరీ, శిక్షకురాలు కాకున్నను, చిన్నపిల్లల విద్యాకార్యక్రమమునకు నిధులు నిలుపుటను ప్రతిఘటించి విద్యామండలికిని, తరువాత రాష్ట్ర సెనేటుకును, 1992లో దేశ సెనేటుకును ఎన్నికయ్యెను. మూడవది విశ్వవిద్యాలయ శిక్షకుల మార్గము. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున కుస్తీ ఉపశిక్షకుడుగా నుండిన జిమ్ జోర్డన్ 1995లో ఒహాయో ప్రతినిధుల సభలోను, 2001లో ఆ రాష్ట్ర సెనేటులోను, 2007లో కాంగ్రెసులోను ప్రవేశించెను.

విశ్వవిద్యాలయ శిక్షకుని కీర్తి రాష్ట్రమంతటను వ్యాపించియుండుటచే ఆతనికి గెలుపు తథ్యమని తోచును గాని, అది నిజము కాదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు జట్టును 1973 నుండి 1997 వరకు నడిపి 255 విజయములను, మూడు జాతీయ విజేతృత్వములను సాధించిన టామ్ ఆస్బర్న్ ఆ రాష్ట్రమున పూజ్యుడు. విద్యామనస్తత్వశాస్త్రమున డాక్టరేటు పొందిన పండితుడు. 2001 నుండి 2007 వరకు ఆయన కాంగ్రెసులో నుండెను. అయినను 2006లో గవర్నరు పదవికై రిపబ్లికన్ ప్రైమరీలో నిలిచినపుడు, అప్పటికే ఆ పదవిలో నున్న డేవ్ హైన్‌మన్ చేతిలో ఓడిపోయెను. రాష్ట్రపాలన విషయమున ఓటరు మైదానపు లెక్కను ఒక్కదానినే చూడడని ఆ ఫలితము తెలుపుచున్నది.

టిమ్ వాల్జ్

తిమోతి వాల్జ్ 1964 ఏప్రిల్ 6న నెబ్రాస్కాలోని వెస్ట్ పాయింటులో జన్మించెను. తండ్రి పాఠశాలల పాలనాధికారి. పదునేడవ యేట సైనిక నేషనల్ గార్డులో చేరి, దానిలో 24 సంవత్సరములు కొనసాగెను. 1989లో చాడ్రన్ స్టేట్ కళాశాలలో పట్టము పొంది, ఒక సంవత్సరము చైనాలోని ఫోషాన్‌లో బోధించి, మరలివచ్చి నెబ్రాస్కా పడమటి కొననున్న అలయన్స్ పట్టణమున ఉన్నత పాఠశాలలో భూగోళము చెప్పుచు క్రీడాశిక్షకుడుగా నుండెను.

ఆయన శిక్షకత్వమునకు లభించిన ప్రచారము బోధనకు లభింపలేదు, ఇది లోపమే. 1993లో అలయన్స్ విద్యార్థులకు ఆయన జాతినిర్మూలనమును గూర్చి ఒక దీర్ఘమైన పాఠమును నడపెను. యూదుల సంహారమును ఏ పోలికయు లేని వింతగా గాక, కారణములు గల చారిత్రక సంఘటనగా చూడవలెనని ఆయన పట్టుదల. ఆహారకొరత, జనసాంద్రత, వలసపాలన అవశేషములు మున్నగు అంశములను పటములపై ఒకదానిపై నొకటి చేర్చి, తరువాత ఇట్టి ఘోరము ప్రపంచమున ఎచ్చట సంభవించు ప్రమాదము కలదో తేల్పుమని పిల్లలను అడిగెను. వారు తేల్చిన దేశము రువాండా. 1994 ఏప్రిల్‌లో రువాండా సంహారము ఆరంభమయ్యెను. పాఠము జరిగిన పదునైదేండ్లకు ఒక న్యూయార్కు పత్రిక ఈ సంగతిని ప్రచురించువరకు ఆ తరగతి పేరు లోకమునకు తెలియదు.

1994లో ఆయన సహోపాధ్యాయురాలైన గ్వెన్ విపుల్‌ను వివాహమాడి, 1996లో ఆమె స్వరాష్ట్రమైన మిన్నెసోటాకు తరలి, మంకేటో వెస్ట్ ఉన్నత పాఠశాలలో చేరెను. అచట ఫుట్‌బాలు జట్టు రక్షణవిభాగమునకు శిక్షకుడుగా నుండగా, ఆ జట్టు 1999లో రాష్ట్ర విజేతృత్వమును గెలుచుకొనెను. ఆ యేడే పాఠశాలలో స్వలింగానురాగులగు విద్యార్థులకు అండగా ఒక సంఘము ఏర్పడినపుడు ఆయన దానికి సలహాదారు డయ్యెను. ఫుట్‌బాలు శిక్షకుడు, సైనికుడు, వివాహితుడు అయిన వ్యక్తి ఆ స్థానమున నిలుచుట పిల్లలకు రక్షణ యగునని ఆయన చెప్పిన కారణము. ఆనాటి పరిస్థితులలో అది సాహసమే.

2004లో అధ్యక్షుడు జార్జి బుష్ మంకేటోకు వచ్చినపుడు, విద్యార్థులను వెంటబెట్టుకొని సభకు పోయిన తనకు ద్వారము వద్ద భద్రతాసిబ్బందితో వివాదము కలిగినదనియు, అదియే తన రాజకీయప్రవేశమునకు హేతువనియు వాల్జ్ చెప్పుచుండును. ఆ సంఘటన వివరములపై భిన్నకథనములు కలవు. 2005లో నేషనల్ గార్డు నుండి విరమించి, 2006లో డెమోక్రాటిక్ పక్షమున నిలిచి, ఆరు పర్యాయములు గెలిచిన గిల్ గట్‌నెక్ట్‌ను ఓడించి కాంగ్రెసులో ప్రవేశించెను. పండ్రెండేండ్ల అనంతరము 2018లో సుమారు 54 శాతము ఓట్లతో మిన్నెసోటా గవర్నరుగా ఎన్నికై, 2022లో మరల గెలిచెను.

గవర్నరుగా ఆయన కార్యములలో పాఠశాలకు సంబంధించినవానినే ఇచట పేర్కొందుము. 2023లో ఆయన పక్షమునకు రాష్ట్ర సెనేటులో 34-33 అను ఒకే ఒక్క సభ్యుని ఆధిక్యముండగా, తల్లిదండ్రుల ఆదాయముతో నిమిత్తము లేకుండ బడిపిల్లలందరికి ఉదయపు ఫలహారమును, మధ్యాహ్నభోజనమును ఉచితముగా నిచ్చు చట్టము నెగ్గెను. మార్చి 17న మిన్నెయాపొలిసులోని ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్న బల్ల ముందర కూర్చుండి ఆయన సంతకము చేయగా, చుట్టునున్న పిల్లలు మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకొనిరి. పేదరికమును నిరూపించుకొనవలసిన అవసరము లేకుండ పిల్లవానికి అన్నము పెట్టుట సర్వవిధముల మేలైన పద్ధతి. భోజనశాలలో ‘ఉచితపు పిల్లవాడు’ అను ముద్ర ఎంత బాధాకరమో ఉపాధ్యాయునకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ధనికుల పిల్లలకు సైతము ప్రజాధనమేల యని ప్రతిపక్షము వేసిన ప్రశ్నయు సహేతుకమే, చర్చింపదగినదే.

ఆయన పాలనలోనే పిల్లల ఆహారమునకు సంబంధించిన పెద్ద మోసమొకటి బయటపడెను. కోవిడు కాలమున పిల్లలకు భోజనము పెట్టితిమని దొంగలెక్కలు వ్రాసి ‘ఫీడింగ్ అవర్ ఫ్యూచర్’ అను సంస్థ ద్వారా సుమారు 25 కోట్ల డాలర్ల కేంద్రనిధులు అపహరింపబడినవని 2022 సెప్టెంబరులో అభియోగములు నమోదయ్యెను. రాష్ట్ర విద్యాశాఖ పర్యవేక్షణ చాలలేదని శాసనసభ ఆడిటరు 2024లో నివేదించెను. అన్నము పెట్టు చట్టమునకు గల కీర్తి గవర్నరున కెట్లు చెందునో, ఈ వైఫల్యపు బాధ్యతయు అట్లే చెందును.

2024 ఆగస్టులో కమలా హ్యారిస్ ఆయనను ఉపాధ్యక్షపదవికి అభ్యర్థిగా ఎన్నుకొనెను. చికాగో మహాసభలో మంకేటో వెస్ట్ పూర్వ క్రీడాకారులు జట్టు చొక్కాలు ధరించి వేదికపైకి వచ్చిరి. జీవితకథయే ప్రచారమగునపుడు ఆ కథలోని ప్రతి వాక్యమును పరీక్షకు గురియగును: 1989లో తియనాన్మెన్ ఘటనలనాడు హాంగ్‌కాంగులో నుంటినని ఆయన చెప్పినది నిజము కాదని తేలెను, తన దళము ఇరాకుకు వెళ్లుటకు ముందే విరమించెనను విమర్శయు వచ్చెను. నవంబరు 5న ఆ పక్షము పరాజితమయ్యెను.

పదవుల పొందిక: చట్టపు నిర్బంధములు

ప్రభుత్వ బడిలో జీతము తీసికొనుచు ఆ జీతమును నిర్ణయించు సభలో ఓటు వేయుట న్యాయమా యను ప్రశ్నకు రాష్ట్రములు ఒక్కరీతిగా సమాధానము చెప్పలేదు. 1991లో నెబ్రాస్కా ఉన్నత న్యాయస్థానము, రాష్ట్ర కళాశాలలో బోధకుడైన జెరాల్డ్ కాన్వే శాసనసభ్యత్వమును, ఉద్యోగమును ఏకకాలమున వహించుట అధికార విభజన సూత్రమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. స్థానిక మండలి కొలువులో నున్న ఉపాధ్యాయులను సెలవుపై సభకు అనుమతించు రాష్ట్రములును కలవు.

భారతదేశమున ప్రభుత్వోపాధ్యాయుడు రాజీనామా చేయనిదే శాసనసభకు పోటీ చేయజాలడు (చూ. లాభదాయక పదవి, 191వ అధికరణము). అయితే అమెరికాలో లేని యొక ద్వారము ఇచట కలదు: 171వ అధికరణము ననుసరించి శాసనమండలిలో పండ్రెండవ వంతు సభ్యులను, మాధ్యమిక స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో కనీసము మూడేండ్లు పనిచేసిన ఉపాధ్యాయులే ఎన్నుకొందురు. 1985లో రద్దయి 2007లో పునరుద్ధరింపబడిన ఆంధ్రప్రదేశ్ మండలిలో అట్టి స్థానములు నేడు ఐదు, తెలంగాణ మండలిలో మూడు. హైదరాబాదులో ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలకు విద్యార్థులను సిద్ధపరచుటలో పేరొందిన గణితోపాధ్యాయుడు చుక్కా రామయ్య 2007లో మండలి సభ్యు డయ్యెను. శిక్షణ యనగా మన దేశమున పరీక్షాశిక్షణ, అమెరికాలో క్రీడాశిక్షణ. బడిలో గడించిన విశ్వాసము రాజకీయములలో పెట్టుబడి యగుట మాత్రము రెండుచోట్లను సమానము.

డెనిస్ హాస్టర్ట్, విశ్వాసదుర్వినియోగము

ఇట్టి విశ్వాసము ఎంతటి అపాయమునైనను కప్పిపుచ్చగల దనుటకు హాస్టర్ట్ చరిత్ర సాక్ష్యము. 1942లో ఇల్లినాయిలోని అరోరాలో జన్మించిన ఆయన 1965 నుండి 1981 వరకు యార్క్‌విల్ ఉన్నత పాఠశాలలో చరిత్రను బోధించుచు కుస్తీ, ఫుట్‌బాలు జట్లకు శిక్షకుడుగా నుండెను. కుస్తీ జట్టు 1976లో రాష్ట్ర విజేతృత్వము సాధించెను. 1980 ప్రైమరీలో ఓడినను, అభ్యర్థి తీవ్రముగా జబ్బుపడగా పక్షము ఆయనను ఆ స్థానమున నిలిపెను. ఆ విధముగా రాష్ట్రసభలో ప్రవేశించి, 1986లో కాంగ్రెసుకు ఎన్నికై, 1999 నుండి 2007 వరకు ప్రతినిధుల సభాధ్యక్షుడుగా నుండెను. రిపబ్లికన్ సభాధ్యక్షులలో అంతకాలము ఆ పీఠమున నున్నవారు లేరు. ఆ యేండ్లన్నిటను శిక్షకుడన్న పేరే ఆయనకు సత్ప్రవర్తనకు హామీపత్రముగా చెల్లెను.

2015లో ఆయనపై బ్యాంకు నుండి ధనమును చట్టమును తప్పించుకొను రీతిగా చిన్న మొత్తములలో తీసెననియు, దర్యాప్తు అధికారులకు అసత్యము చెప్పెననియు అభియోగము వచ్చెను. ఆ ధనము పూర్వ విద్యార్థి యొకని నోరు మూయుటకై ఇచ్చినది. 2016 ఏప్రిల్ 27న న్యాయస్థానమున, శిక్షకుడుగా నున్ననాడు బాలురపై లైంగిక దౌర్జన్యము చేసినట్లు ఆయన ఒప్పుకొనెను. న్యాయమూర్తి 15 నెలల కారాగారశిక్ష విధించెను. ఆ శిక్ష బ్యాంకు నేరమునకే. బాలురపై జరిగిన నేరమునకు కాలపరిమితి ఏనాడో తీరిపోయినందున విచారణకే వీలు లేకపోయెను. దశాబ్దములు మౌనముగా భరించిన ఆ బాలురకు ఇది న్యాయ మనిపించుకొనదు.

ఆయన రాజకీయ జీవితమును ఆరంభించిన ఇల్లినాయి శాసనసభయే 2017లో, పిల్లలపై జరుగు లైంగిక నేరములకు ఆ రాష్ట్రమున ఉన్న కాలపరిమితిని పూర్తిగా తొలగించు చట్టమును చేసెను.